ఒక్కసారి సంఖ్య

భూపాలపల్లి
2 జులై 2024

ప్రియమైన మనీషాకు,

నాలుగేళ్ళ తరువాత నా దస్తూరీ చూసి ఏమనుకుంటావో. నా ఫోనూ లాప్‌టాపూ పోలీసుల దగ్గర సీలు వేసిన సంచిలో ఉన్నాయి. నేను బెయిలు మీద బయటికి వచ్చి ఐదు రోజులైంది. కేసు తేలేదాకా ఫోను గానీ కంప్యూటరు గానీ ముట్టకూడదని షరతు. అందుకే ఈ కాగితం.

ఇక్కడ బొగ్గు మోసే బెల్టులు నడిపే ఒక కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ చూస్తున్నానని నీకు తెలుసు కదా. రోజూ పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు బెల్టు వెంబడి నడవాలి. ఎవరికైనా ప్రమాదం వస్తే లాగి బెల్టు ఆపడానికి పొడుగునా ఒక తాడు ఉంటుంది. అది పనిచేస్తోందో లేదో చూసి, నా కార్డును చేతి యంత్రంలో పెట్టి సంతకం చేయాలి. సిరా సంతకం కాదు, లెక్కల సంతకం. ఆ యంత్రంలో ఉన్నది మన ‘ముడి’. చేరిన రోజున తెర మీద ఆ పేరు చూసి, పక్కనున్న వాళ్ళందరికీ చెప్పుకున్నాను: వరంగల్ హాస్టల్లో నా రూమ్మేట్ రాసిన కోడు లైబ్రరీ, లెక్క సరిచూసింది నేనే అని.

జూన్ 11న దేవ్యా అనే కార్మికుడు ఆ బెల్టులో పడి చనిపోయాడు. మెడలో తువ్వాలు రోలరులో చిక్కుకుంది. పక్కనున్న ఇద్దరు తాడు లాగారు. బెల్టు ఆగలేదు.

ఆ రోజు ఆరుంపావుకు నేను తాడు పరీక్షించి, బాగుందని సంతకం చేసినట్టు రికార్డులో ఉంది. నేను చేయలేదు మనీషా. నేను బెల్టు దగ్గరికి పోకముందే అది జరిగింది. యంత్రం నా సొరుగులో ఉంది. కార్డు నా మెడలోనే ఉంది.

ఇన్‌స్పెక్టర్ నా ముందు ఒక పేజీ పెట్టాడు. ‘ముడి’తో పాటు ఇచ్చే వివరణ పుస్తకం లోనిది. రహస్య సంఖ్య తెలియనివారు ఈ సంతకాన్ని సృష్టించడం అసాధ్యం అని అందులో గీత గీసి ఉంది. “గిది రాసినోళ్ళు నీకంటె తెలివిగల్లోళ్ళే గద మేడం,” అన్నాడు. ఆ వాక్యం రాసింది నేనే అని చెప్పడానికి నోరు రాలేదు.

నాకు ఒకే ఒక్క మాట కావాలి. నా కార్డు లేకుండా నా పేరుతో ఇంకొకరు సంతకం చేయగల దారి ఏదైనా ఉందా? నీకన్నా ఆ కోడు తెలిసినవారు ఎవరూ లేరు.

నీ
సుమ

•

జనగామ
9 జులై 2024

నా సుమకు,

నీ ఉత్తరం చదివి అన్నం తినబుద్ధి కాలేదు. నువ్వు లాకప్పులో గడిపావంటే ఊహకే అందడం లేదు. నీకు ఏం కావాలన్నా రాయి.

నువ్వు అడిగినదానికి జవాబు నీకే తెలుసు. లేదు. అలాంటి దారి లేదు. ఉంటే అందరికన్నా ముందు నువ్వే కనిపెట్టి ఉండేదానివి. మన క్లాసులో లెక్కల్లో నిన్ను మించినవాళ్ళు ఎవరున్నారు?

కోపం తెచ్చుకోకుండా ఒక్కటి ఆలోచించు. రోజూ చేసే పని చేతికి అలవాటైపోతుంది. వచ్చీ రాగానే సంతకం పెట్టేసి, తరువాత తీరిగ్గా బెల్టు చూసొచ్చే రోజులు నీకు లేవా? అందరూ చేసేదే అది. ఆ రోజు కూడా అలాగే జరిగి ఉండవచ్చు కదా. నేను నిన్ను తప్పుపట్టడం లేదు. లెక్క ఏం చెబుతోందో అది చెబుతున్నాను.

ఇక్కడ నాకూ ఊపిరి సలపడం లేదు. హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీ ‘ముడి’ని తన యంత్రాలన్నింటిలో పెట్టుకుంటానంటోంది. మార్చి దాకా తనిఖీలు.

ధైర్యంగా ఉండు.

నీ
మనీషా

•

భూపాలపల్లి
16 జులై 2024

ప్రియమైన మనీషాకు,

లేదు, అలాంటి రోజులు నాకు లేవు. చూడకుండా నేను ఎప్పుడూ సంతకం పెట్టలేదు. ఆ పొద్దున క్యాంటీన్‌లో టీ తాగాను. కప్పు సగంలో ఉండగా బయట అరుపులు వినిపించాయి. ఆ సగం కప్పు నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

దేవ్యాది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. ముప్పై రెండేళ్ళు. బెల్టు మీద రాళ్ళు ఏరేవాడు. ఆ చప్పుడులో మాటలు వినపడవు కనుక అందరితో చేతులతోనే మాట్లాడేవాడు. ఇంట్లో కూడా అట్లాగే చేతులు తిప్పుతున్నానని భార్య నవ్వుతుందని ఒకసారి చెప్పాడు.

మొన్నటి నుంచి మన పాత పాఠం నాలో నేనే చెప్పుకుంటున్నాను. ఎలిప్టిక్ కర్వ్ మీద ఒక బిందువు తీసుకుని, దాన్ని దానితోనే కూడుతూ పోతాం. ఎన్నిసార్లు కూడామన్నది రహస్య సంఖ్య. చివర తేలిన బిందువును ఊరందరికీ చూపించినా ఫరవాలేదు. దాన్ని పట్టుకుని వెనక్కి లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. అంతవరకు గట్టిదే. కానీ ప్రతి సంతకానికీ ఇంకో సంఖ్య కూడా కావాలి. దానికి మనం పెట్టుకున్న పేరు గుర్తుందా? ఒక్కసారి సంఖ్య. ఒక్క సంతకానికి వాడి పారేయాలి. అదే సంఖ్య రెండో సంతకానికి కూడా వాడితే, రెండు సమీకరణాలు, రెండు తెలియని సంఖ్యలు. ఎనిమిదో తరగతి పిల్ల కూడా రహస్య సంఖ్యను బయటికి లాగుతుంది.

అందుకే నేను ఆ ఒక్కసారి సంఖ్యను, సంతకం చేసే విషయంలోంచే, రహస్య సంఖ్యతో కలిపి నూరి తీసే పద్ధతి రాశాను. విషయం మారితే సంఖ్య మారి తీరుతుంది. యంత్రం నెమ్మదిస్తుందని నువ్వు గొణిగావు కూడా.

ఆ పద్ధతి ఇప్పటికీ అలాగే ఉందా? ఎవరైనా మార్చారా? ఈ ఒక్కటి చూసి చెప్పు.

నీ
సుమ

•

జనగామ
24 జులై 2024

సుమా,

చూశాను. నువ్వు రాసిన పద్ధతే ఉంది. ఒక్క అక్షరం మారలేదు.

ఇప్పుడు రాసేది నీకు బాధగా ఉంటుంది. అయినా నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? మూడో సంవత్సరం పరీక్షలో హాల్‌టికెట్ నంబరు వేయలేదని ఏడ్చి నువ్వు వార్డెన్‌ను కూడా నిద్రలేకుండా చేశావు. తీరా చూస్తే వేసే ఉంది. రెండేళ్ళ క్రితం గర్భం పోయినప్పుడు నీకు నిద్రమాత్రలు ఇచ్చారు. గ్యాస్ ఆర్పిన సంగతి, తలుపు తాళం వేసిన సంగతి గుర్తుండడం లేదని నువ్వే నాకు ఫోనులో చెప్పావు. ఆ మాత్రలు ఇంకా వాడుతున్నావా?

మనసు కొన్నిటిని దాచేస్తుంది సుమా. అది నీ తప్పు కాదు. కానీ యంత్రం దాచదు. నీ జ్ఞాపకానికీ, రుజువైన గణితానికీ తేడా వచ్చినప్పుడు ఏది తప్పై ఉంటుందో నువ్వే చెప్పు. ఇదే ప్రశ్న వేరేవాళ్ళ గురించి నిన్ను అడిగితే ఏం జవాబు చెబుతావు?

సగం కప్పు టీ అన్నావు. అది ఆ రోజుదేనని నీకు గట్టిగా తెలుసా?

నీ
మనీషా

•

మహబూబాబాద్
12 ఆగస్టు 2024

మనీషాకు,

క్వార్టరు ఖాళీ చేయించారు. మా ఆయన సాయి ఉద్యోగం అక్కడే కాబట్టి స్నేహితుల గదిలో ఉన్నాడు. నేను ఇక్కడికి, పద్మలత చిన్నమ్మ ఇంటికి వచ్చేశాను.

నీ ఉత్తరం ఇరవై సార్లు చదివి ఉంటాను. మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను. ఆ సంగతి సాయికి కూడా తెలియదు. టీ కప్పు గురించి నువ్వు అడిగినప్పటి నుంచి అది ఏ రోజుదో నాకు తెలియడం లేదు. ఇప్పుడు ఇంకొకటి కూడా కనిపిస్తోంది. నేను సొరుగు తెరుస్తున్నాను, యంత్రం తీస్తున్నాను, కార్డు పెడుతున్నాను. అది జరిగిందో, నీ ఉత్తరం చదివాక నేనే తయారుచేసుకున్నానో తెలియదు. కానీ లెక్క అబద్ధం చెప్పదు కదా. సంతకం నేనే చేసి ఉంటాను. చేశాను.

ఆ మాట ఎవరితోనైనా అనకపోతే చచ్చిపోతాననిపించింది. నిన్న ఆటో మాట్లాడుకుని తండాకు పోయాను. దేవ్యా భార్య పేరు నీలి. ఇంటి ముందు మిరప నారుకు నీళ్ళు పోస్తోంది. నేనెవరో చెప్పాను. చెంబు కింద పెట్టలేదు.

“అవునా. నువ్వేనా సుమలతమ్మవు,” అంది.

“తాడు చూడకుండానే బాగున్నదని సంతకం పెట్టిన. తప్పు నాదే,” అన్నాను.

చెంబులో మిగిలిన నీళ్ళు నారుకు పోసింది. తరువాత, “కూసో,” అంది. కూర్చున్నాను. “గా మాట మల్ల చెప్పు. మా అత్తకు చెవులు సరిగ వినరావు, జర గట్టిగ చెప్పు,” అని లోపలి నుంచి ముసలామెను పిలుచుకొచ్చింది. మళ్ళీ చెప్పాను. పక్కింటివాళ్ళు వచ్చారు. వాళ్ళకోసం మూడోసారి చెప్పించింది. ముసలామె వాళ్ళ భాషలో ఏదో అడిగింది. నీలి నాకు తెలుగులో చెప్పింది: “ఎందుకు పెట్టినవు అంటాంది.”

“యాదికి లేదు,” అన్నాను.

“నా మొగన్ని సంపిన సంగతి నీకు యాదికి లేదు,” అంది నీలి. అరవలేదు. నేను చెప్పింది సరిగా విన్నదో లేదో చూసుకుంటున్నట్టు అంది, అంతే.

తిరిగి ఆటో ఎక్కేదాకా ఎవరూ నన్ను ముట్టుకోలేదు. కొట్టినా బాగుండేది.

సుమలత

•

జనగామ
19 ఆగస్టు 2024

సుమా,

నువ్వు చేసింది సరైన పని. ఇక నీ మనసు తేలికవుతుంది చూడు.

మీ లాయరుకు కూడా ఇలాగే చెప్పు. ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని ఇక్కడ నాకు తెలిసినవాళ్ళు అన్నారు. సాగదీసిన కొద్దీ నీకే నరకం. లైబ్రరీ గురించి కోర్టులో వాదనలు పెట్టుకోకండి, జడ్జిలకు అవి అర్థం కావు, విసుక్కుంటారు.

ఉత్తరం దాచిపెట్టుకున్నాను. మాత్రలు మానకు.

మనీషా

•

మహబూబాబాద్
27 అక్టోబరు 2024

మనీషా,

ఒప్పుకుంటానని లాయరు ఊర్మిళ గారితో చెప్పాను. ఆమె వినలేదు. “ముందుగాల కాగితాలు సదువు, ఆ తర్వాత ఏడువు,” అని ఛార్జిషీటు నకలు నా ఒళ్ళో పడేసింది. దాని వెనక కంపెనీవాళ్ళు నా పాత సంతకాలు అరవై అచ్చు వేసి జతచేశారు. ఇవన్నీ ఈమెవే, జూన్ 11ది కూడా ఈమెదే అని చూపించడానికి.

ఒక్కో సంతకంలో రెండు ముక్కలుంటాయని నీకు తెలుసు. మొదటి ముక్క ఆ ఒక్కసారి సంఖ్య నుంచి పుడుతుంది. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఊరికే చూపుడువేలు పెట్టి చదువుతున్నాను. మే 8 నాటి మొదటి ముక్కా, మే 29 నాటి మొదటి ముక్కా ఒకటే. మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా ఒకటే. మే 9, మే 30 చూశాను. అవి కూడా ఒకటే.

నాలుగింటి కింద పెన్సిలుతో గీతలు గీశాను.

కంప్యూటరు ముట్టకూడదు కదా. బజారు నుంచి గళ్ళ నోటుబుక్కులు తెప్పించుకున్నాను. డెబ్బై ఏడు అంకెల సంఖ్యలు. ముందు వాటిని మామూలు అంకెల్లోకి మార్చడానికే నాలుగు రోజులు. తరువాత భాగహారాలు, ఒకదాని కింద ఒకటి, నూట యాభైకి పైగా. ఒక్క గడి తప్పితే రెండు రోజుల పని పోయేది. రెండుసార్లు పోయింది. “ఏంది బిడ్డా గిన్ని అంకెలు, పంచాంగం రాస్తున్నవా,” అని చిన్నమ్మ నా పక్కన మజ్జిగ పెట్టి పోయేది. ఎనిమిది నోటుబుక్కులు అయిపోయాయి. మాత్రలు వేసుకోవడం మానేశాను, అంకెలు అలుక్కుపోతున్నాయని.

మే 8, 29 జత నుంచి నా రహస్య సంఖ్య వచ్చింది. మే 9, 30 జతతో మళ్ళీ మొదటి నుంచి చేశాను. అదే సంఖ్య వచ్చింది.

అంటే నా కార్డు అక్కర్లేదు. కంపెనీ కంప్యూటరు గదిలో నా సంతకాలు చూడగలిగినవాళ్ళు ఎవరైనా సరే, నేనైపోగలరు. నేను సంతకం చేయలేదు. నా తల సరిగానే ఉంది. ఆ టీ కప్పు జూన్ 11ది.

ఇది ఎందుకు జరిగిందో కూడా ఊహించాను. మే మొదటివారంలో ఒకసారి, నెలాఖరున ఒకసారి గాలివానకు రెండేసి రోజులు కరెంటు లేదు. చేతి యంత్రం ఛార్జింగు అయిపోయి పూర్తిగా ఆగిపోయింది. రెండుసార్లూ మళ్ళీ లేచాక యంత్రం మొదటి నుంచి అవే సంఖ్యలు ఇచ్చింది. అంటే ఒక్కసారి సంఖ్యలను ముందే వరుసగా తయారుచేసి అందులో పెట్టారు. ఎంతవరకు వాడామన్న గుర్తు మాత్రం, యంత్రం ఆగితే చెరిగిపోతోంది. నేను రాసిన పద్ధతిలో ఇది జరగనే జరగదు.

ఒక్క అక్షరం మారలేదని నువ్వు రాశావు.

ఎప్పుడు మార్చావు మనీషా?

సుమలత

•

జనగామ
4 నవంబరు 2024

సుమలత గారికి,

మీ 27 అక్టోబరు ఉత్తరం అందింది. చేతితో చేసిన లెక్కలకు సాంకేతికంగా ఎలాంటి విలువా లేదు. నిరూపణ కాని లోపాన్ని బయట ప్రచారం చేసి ‘ముడి’ వ్యాపారానికి నష్టం కలిగిస్తే చట్టప్రకారం చర్య తీసుకోవలసి వస్తుంది. 12 ఆగస్టు నాటి ఉత్తరంలో సంతకం నేనే చేశానని మీరు మీ దస్తూరీతో రాశారు. అవసరమైతే ఆ ఉత్తరాన్ని సంబంధిత కంపెనీ న్యాయవాదికి అందజేస్తామని తెలియజేస్తున్నాము.

మనీషా

సుమా, పైన ఉన్నది లాయరు రాయించాడు. వద్దే. మార్చి దాకా ఆగు. మార్చి తరువాత నేనే సరిచేస్తా. నాలుగు నెలలే కదా. నువ్వెలాగూ ఇంట్లోనే ఉన్నావు.

•

మహబూబాబాద్
21 జనవరి 2025

మనీషాకు,

నువ్వు రాలేదు. అందుకే రాస్తున్నాను.

నా మీద కేసు నిలవదన్న మా పిటిషను పోయిన వారం భూపాలపల్లి కోర్టులో విచారణకు వచ్చింది. కంపెనీ లాయరు లేచి నా ఉత్తరం చదివాడు. పంపించావన్నమాట. అంతా చదివాడు. మాత్రల దగ్గర, సాయికి తెలియదన్న వాక్యం దగ్గర మెల్లగా చదివాడు. సాయి మూడో బెంచీలో ఉన్నాడు. తల దించుకుని బూటు లేసు సరిచేసుకున్నాడు.

“గిది మీ దస్తూరీయేనా?” అని అడిగాడు లాయరు.

“నాదే.”

“సంతకం నేనే చేసిన అని రాసింది మీరే గద.”

“రాసింది నేనే. రాయించింది ఇంకొకలు,” అన్నాను. హాల్లో ఎవరో నవ్వారు.

ఊర్మిళ గారు నా ఎనిమిదో నోటుబుక్కు చివరి పేజీ జడ్జి గారికి ఇచ్చింది. కోర్టు పిలిపించిన నిపుణుడు ఆ డెబ్బై ఏడు అంకెలను తన కంప్యూటరులో ఎక్కించాడు. నా కార్డు సీలు వేసిన సంచిలో జడ్జి గారి బల్ల మీదే ఉంది. ఏం రాయమంటారని నిపుణుడు అడిగాడు. జడ్జి గారు “రేపు కోర్టుకు సెలవు అని రాయున్రి,” అన్నారు. రాశాడు. మీట నొక్కాడు. గోడ మీది తెరపై ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి: సంతకం చేసినవారు సుమలత. సంతకం సరైనది.

నేను బోనులో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను.

నిన్న ఉత్తర్వు వచ్చింది. నా పేరు కేసులోంచి తీసేశారు. కంపెనీ కంప్యూటరు గదిలో పనిచేసే జీవన్‌ను పట్టుకున్నారు. సైటు మేనేజరు చెబితేనే చేశానని, ప్రమాదం జరిగిన గంటకు నా పేరుతో పాత సమయం వేసి సంతకం పుట్టించానని చెప్పాడట. అతన్ని నేను రోజూ చూసేదాన్ని. మంచి మనిషే. కానీ అతనికి భాగహారం కూడా సరిగా రాదు. మా సెలవుల లెక్క నాతో వేయించుకునేవాడు.

జీవన్‌కు ఈ లెక్క ఎవరు నేర్పారు?

సుమలత

•

జనగామ
2 ఫిబ్రవరి 2025

సుమా,

పోలీసులు జీవన్ మెయిళ్ళు తెరిచారు. రేపో ఎల్లుండో నా దగ్గరికి వస్తారు. వాళ్ళ నోటి నుంచి వినేముందు నా నుంచి విను.

జూన్ 2న అతను నాకు మెయిలు పెట్టాడు. కొన్ని సంతకాల్లో మొదటి ముక్క ఒకటే వస్తోంది, ఏమైనా ఇబ్బందా అని. వెంటనే అర్థమైంది. అతను తేలిగ్గా తీసుకుంటాడేమోనని, దీంతో రహస్య సంఖ్య ఎలా బయటపడుతుందో మెట్టుమెట్టుగా రాసి, లెక్క చేసే చిన్న ప్రోగ్రాము కూడా జతచేసి పంపాను. ఆ కార్డు ఈ రోజే మార్చేయండి, ఎవరికీ చెప్పకండి, నేను సరిచేస్తున్నాను అన్నాను. అతను కార్డు మార్చలేదు. తొమ్మిది రోజులకు ఆ ప్రమాదం.

నీ మొదటి ఉత్తరం చదవగానే ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది. అవును. మొదటి ఉత్తరానికే.

నేనెవరినీ చంపలేదు సుమా. తాడు పనిచేయకపోయింది నా కోడు వల్ల కాదు. పద్ధతి మార్చింది ఎందుకంటే, నీ పద్ధతితో ఆ చిన్న యంత్రం ఒక్క సంతకానికి నాలుగు సెకన్లు తీసుకునేది. కొనేవాళ్ళు నవ్వారు. నిన్ను అడుగుదామంటే నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయావు. నాలుగేళ్ళు ఒంటరిగా మోశాను. నువ్వు పక్కన ఉంటే ఇది జరిగేదే కాదు. నాకు ఆ సంగతి నిద్రలో కూడా తెలుసు, అందుకే నీ మీద కోపం కూడా వచ్చేది.

ఒక్క సాయం చెయ్యి. ఆ మార్పు మనిద్దరం మాట్లాడుకునే చేశామని చెప్పు. నీ పేరు ‘ముడి’ ముందు పేజీలో నా పేరు పక్కన పెడతాను. నీ మీద ఇప్పుడు కేసు లేదు కదా, నీకు పోయేదేమీ లేదు.

మనీషా

•

మహబూబాబాద్
16 ఫిబ్రవరి 2025

మనీషా,

నీ ఉత్తరం పట్టుకుని మళ్ళీ తండాకు పోయాను. తప్పు నాది కాదని నీలికి చూపించాలనిపించింది. ఆ ఆరు నెలలూ ఆమె ఇంటి ముందు నేను మూడుసార్లు చెప్పిన మాటే నా చెవుల్లో ఉంది. దాన్ని తుడిచేయాలనిపించింది.

మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నీలి తొడిమలు తీస్తోంది. నేను పక్కన కూర్చుని నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. సంఖ్యల సంగతి నాకు చేతనైనంత విడమరిచి చెప్పాను. నడుమ ఆపలేదు. అయిపోయాక అడిగింది.

“గీమె ఎవరు?”

“నా దోస్తు.”

“ఆమె నీకు రాసె, నువ్వు ఆమెకు రాస్తివి. నెలల సంది ఒకలకొకలు రాసుకుంటనే ఉన్నరు. గందుల మావోడు ఏడున్నడు?”

నేను ఉత్తరం మడిచాను.

“సంతకం నువ్వు పెట్టలే. సరే. మంచిగయింది నీకు,” అంది. ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళో వేసుకుంది. “మరి ముందు రోజు సంగతేంది? తాడు గుంజితె బెల్టు ఆగుతలేదని సుమలతమ్మకు చెప్పిన, రేపు చూస్త అన్నది అని ఆయన ఇంటికి ఫోన్ జేసి చెప్పిండు. గది కూడ లెక్క తప్పేనా?”

నీకు రాయని సంగతి అది. ఇన్‌స్పెక్టరుకు చెప్పలేదు, ఊర్మిళ గారికి చెప్పలేదు, సాయికి చెప్పలేదు. జూన్ 10 సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు దేవ్యా నా బల్ల దగ్గరికి వచ్చాడు. అలవాటు కొద్దీ చేతులతో తాడు లాగినట్టు చూపించి, తల అడ్డంగా ఊపాడు. నాకు బస్సు వేళ అవుతోంది. రేపు పొద్దున చూస్తాను అన్నాను. అప్పుడే బెల్టు ఆపించే అధికారం నాకు ఉంది. ఆపించలేదు. ఆ ‘రేపు పొద్దున’ టీ తాగుతూ కూర్చున్నాను.

నువ్వు అబద్ధం చెబితే నేను అంత తొందరగా ఎందుకు నమ్మానో ఇప్పుడు నీకు తెలిసి ఉంటుంది. నీకు అది తెలియకపోయినా, నాలో తప్పు వెతకాల్సిన చోటే వెతికావు.

“అవును, చెప్పిండు,” అన్నాను.

“అయితె రాయి,” అంది నీలి. లోపలికి పోయి ఒక తెల్లకాగితాల దస్తా తెచ్చింది. “కలెక్టరాఫీసుల ఇస్త. నేను చెప్త, నువ్వు రాయి. నీకు రాసుడు మంచిగ వస్తది గద.”

ఆమె చెప్పింది, నేను రాశాను. తాడు పాడై ఎన్ని రోజులైందో, దేవ్యా ఎవరెవరికి చెప్పాడో, ఎవరు ఏమన్నారో. ఫోర్‌మన్ పేరు చెప్పింది, రాశాను. మేనేజరు పేరు చెప్పింది, రాశాను. తరువాత నా వైపు తిరిగింది. నేను పెన్ను ఎత్తి చూస్తున్నాను.

“సేఫ్టీ మేడం సుమలత,” అంది. “ముందు రోజే తెలిసి కూడ బెల్టు ఆపలే. గిట్లనే రాయి.”

గిట్లనే రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. ఇంకోసారి అంది. ముసలామె కోసం మూడోసారి గట్టిగా చదివాను. నీలి మిరపకాయల చేతిని కొంగుకు తుడుచుకుని కింద వేలిముద్ర వేసింది.

నీ ఉత్తరాలన్నీ రేపు పోలీసులకు ఇస్తున్నాను. నువ్వు అడిగిన సాయం చేయను. మార్పు నువ్వే చేశావు. రేపు చూస్తానన్నది నేను. నీలి కాగితం కలెక్టరేటుకు తీసుకుపోవడానికి తోడు ఎవరూ లేరట. సోమవారం పొద్దున బస్సుకు నేనే పోతున్నాను.

సుమలత